మూడో భాగంతో మొదలైన భయం

మొన్న మా మనవరాలు హన్మకొండలో పుస్తకాల షాపు నుంచి ఫోన్ చేసి, "తాతా, నువ్వు జెప్పే మాయల మంత్రాల రచయిత నవల అన్ని భాగాలు ఒక్కతాన్నే దొరికినయ్, దేంతోని మొదలువెట్టాలె?" అని అడిగితే, ఆయన రాసినవన్నీ నాకు కంఠతా వచ్చనీ, కాజీపేట నుంచి డోర్నకల్ దాకా రైల్లో జనం మూగి మరీ నాతో ఆ కథలు చెప్పించుకునేవారనీ గొప్పలు పోయాను. మీతో అబద్ధమెందుకు, నేను చదివింది రెండే భాగాలు. రైల్లో విన్నది ఒక్క మా మేనమామ, ఆయనా మధ్యలోనే నిద్రపోయాడు.

మాది నేతపని చేసే ఇల్లు. గుంట మగ్గం మీలో చాలామంది చూసే ఉంటారు. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు జార్చి, అడుగునున్న చెక్కలు తొక్కుతూ నేయాలి. నాకు మీసాలు మొలుస్తున్న ఏడాది నాన్న ఒక మగ్గాన్ని నాకు అప్పజెప్పాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే అద్దె పుస్తకాల దుకాణానికి వెళ్తే ఆ నవల మొదటి రెండు భాగాలూ ఎవరో తీసుకుపోయారన్నారు. వట్టి చేతులతో రాబుద్ధి కాక మూడోది తెచ్చుకున్నాను. అందులో నేల కింద ఒక జీవి ఉంటుంది. దానికి ముఖం లేదు, చేతులే. నిలబడ్డ మనిషి పాదాలను కింది నుంచి చల్లగా పట్టుకుంటుంది.

మర్నాడు మగ్గం ముందు కూర్చుంటే నా కాళ్లు గుంటలోకి దిగలేదు. పట్టపగలే, పక్కన నాన్న మగ్గం ఆడుతూనే ఉంది, అయినా ఆ చీకట్లో వేళ్లేవో కదులుతున్నట్టే ఉంది. కళ్లు మూసుకుని ఒక కాలు దింపానో లేదో, తెగిన నూలుపోగు మడమకు తగిలింది. నా కేకకు వాడకట్టులోని మగ్గాలన్నీ ఆగిపోయాయి. సరే, అన్నీ కాదు, మా ఇంట్లోవీ పక్కింట్లోవీ.

"కాళ్లు గుంటల వెట్టకుంట మగ్గమెట్ల ఆడుతదిర?" అని నాన్న అరిచాడు. అమ్మ దిష్టి తీసింది. బాసింపట్టు వేసుకుని కూర్చున్న నన్ను రెండు రోజులు చూసి, రేపటికీ ఇంతే అయితే ఆ మగ్గం చిన్నాన్న కొడుక్కి ఇచ్చేస్తానని నాన్న తేల్చేశాడు. మగ్గం పోతుందన్న భయం పైన, చేతుల భయం కింద, అన్నం సయించలేదు.

కండెలు చుడుతున్న మా అక్కకు ఏడుస్తూ సంగతి చెప్పాను. అక్క పడీపడీ నవ్వి, నూలు చిలపల కింద నుంచి మొదటి భాగం బయటికి తీసింది. దుకాణం నుంచి ముందే తెచ్చి దాచుకున్నది తనేనట!

"పిరికోడా, నడిమిట్ల కెల్లి సదివితె గిట్లనే ఉంటది. అది మనుషుల్ని గుంజది తమ్మీ, ఊబిల వడ్డోళ్లను కిందికెల్లి ఎత్తి పట్టుకుంటది. జర విను."

ఆమె చదువుతూ ఉంటే నేను ఒక్క ఊపున గుంటలోకి దూకానని తర్వాత చాలామందికి చెప్పాను. నిజానికి ముందు అక్క తన కాళ్లు పెట్టి చూపించాక, ఆమె భుజం గట్టిగా పట్టుకుని, వణుకుతూనే దింపాను. చెక్క తొక్కాను. పోగుల మధ్య నాడె అటూ ఇటూ కదిలింది. అక్క భయంగొలిపే చోట ఆగినప్పుడల్లా నాన్న మగ్గం కూడా ఆగేది; "ఆగినవేందే, ఏమైంది మల్ల?" అని ఆయనే తొందరపెట్టేవాడు. మగ్గం నా దగ్గరే ఉండిపోయింది.

ఏ భాగం ముందో, ఏది తర్వాతో ఇప్పుడు సెల్‌ఫోనే చెబుతుంది, ఎవరూ నాలా మధ్యలో పడరు. మంచిదే. కానీ ఆ రోజుల్లో ఒకరికి భయమేస్తే వాడకట్టంతా తెలిసిపోయేది, నవ్వేవాళ్లు నవ్వుతూనే దగ్గరికొచ్చి కూర్చునేవాళ్లు. ఇప్పుడు ఎవరి పుస్తకం వాళ్లది, ఎవరి గది వాళ్లది. మూసిన తలుపు వెనక ఎవరైనా వణుకుతున్నారో ఏమో, బయట కూర్చున్న మనకు తెలిసే దారే లేదు.