లోపలెక్కడో వదిలేస్తాం

మా మేడ మీది కోతులకి గ్యాసుపొయ్యి వెలిగించడం ఒక్కటే రాలేదు. తక్కిన సంసారమంతా చేశాయి. నీళ్ళ ట్యాంకు మూత తోసి స్నానాలాడాయి. గుమ్మాలకు వేలాడే సంచుల్లోంచి పాలపేకెట్లు తీసి, మూల కొరికి, చుక్క ఒలకకుండా తాగాయి. ఆరేసిన బట్టల విషయంలో మాత్రం వాటికి పక్షపాతం ఉండేది. నా నేత చీరలు వదిలేసి ఎదురింటావిడ నైటీలు పట్టుకుపోయేవి. అది నేను నేర్పించిన పనేనని ఆవిడ కొన్నాళ్ళు నాతో మాట్లాడ్డం మానేసింది. ఆ రకంగా కోతులు నాకొక ఉపకారం చేశాయి.

చింతపల్లిలో మూడంతస్తుల మేడ అంటే ఇప్పటికీ తలెత్తి చూస్తారు. ఈ నేల చట్టప్రకారం గిరిజనులది, బయటివాళ్ళు కొనడానికి లేదు. మా మేడ కూడా కాగితాల మీద ఎవరో గిరిజనుడిదేనట. ఆయన్ని మేమెవరం చూడలేదు. అద్దె పట్టుకెళ్ళడానికి మాత్రం మైదానం నుంచి వేరే మనిషి కారులో వస్తాడు. "ఆ అసలాయన బతికే ఉన్నాడా?" అని ఒకసారి అడిగాను. అప్పట్నుంచి అద్దెదార్ల సంఘం మీటింగులకి నన్ను పిలవడం మరిచిపోతూ ఉంటారు. నేను మాత్రం మరిచిపోకుండా వెళ్తూ ఉంటాను.

నేను ఇక్కడి కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. మైదానంలో ఒక ప్రిన్సిపాలుతో పేచీ పడితే నన్ను ఏజెన్సీకి తోశారు. శిక్ష అన్నారు. ఇక్కడి చలి నాకు పడింది. మిరియాల చారు పడింది. నా నోరు చూసి ఎవరూ జడుసుకోకపోవడం ఇంకా బాగా పడింది. గడువు తీరినా దిగిపోలేదు.

కోతులూ అలా వచ్చినవే. కింద పట్టణాల్లో వాటి బెడద ఎక్కువైతే, పట్టించి, వ్యానెక్కించి, ఘాటురోడ్డు మలుపుల్లో దింపేసి పోతారు. మాస్టర్లనీ డాక్టర్లనీ శిక్షకి పంపినట్టే. కాకపోతే మాస్టర్లు పైరవీ చేసుకుని వెనక్కి పోగలరు, కోతులకి ఎమ్మెల్యేలు తెలియరు. అడవిలో ఏ కాయ తినాలో కూడా వాటికి తెలియదు. పట్నంలో పుట్టిన కోతికి తెలిసింది చిప్స్ పేకెట్టే. చలికాలంలో మంచు చూడ్డానికి వచ్చే కార్ల వెంట పడి పడి, చివరికి మా మేడ మూడో అంతస్తు చేరాయి. ఆ అంతస్తంతా ఒకాయన తీసుకుని యాత్రికులకి రోజు అద్దెకిస్తాడు. ఆ యాత్రికులు బాల్కనీలోంచి బిస్కెట్లు అందిస్తారు, వీడియోలు తీసుకుంటారు, మర్నాడు ఇంటికి పోతారు. కోతులు పోవు.

మా మేడకి మెట్లు ఊడ్చి చెత్త తీసే ఆడమనిషి ఒకామె ఉండేది. జి.మాడుగుల వైపు కొండల్లో ఆమె ఊరు. తెల్లారి సర్వీసు జీపు పట్టుకుని వచ్చేది, సాయంత్రం అదే జీపు వెనక నిలబడి పోయేది. ముప్పై దాటి ఉంటాయి. ఈ మేడ మొత్తమ్మీద నాకు సరిపోయే నోరు ఆమెదొక్కటే.

"ఏటి మేడంగారూ, పొద్దున్నే ఎవుల్ని తిడతన్నారు?"

"కోతుల్ని."

"అవి ఇనవు కదా. ఇనేవోల్లని తిట్టండి, నోటి కట్టమైనా దక్కుద్ది."

ఆ ఏడు ఆమె కొండవాలులో రాజ్మా చిక్కుడు వేసింది, గట్ల వెంబడి మొక్కజొన్న. చేనంతా తనే రాళ్ళు ఏరి చదును చేసింది. భర్త విశాఖలో కట్టే అపార్టుమెంట్లకి ఇటుకలు మోస్తున్నాడు. ఈ పంట ఇంటికొస్తే అతన్ని పిలిపించేసి, ఇద్దరూ సొంత ఊళ్ళోనే ఉండిపోవాలని ఆమె ఆశ. అంతకు మించి ఆమె ఏమీ కోరుకోగా నేను వినలేదు.

"కాయ ముదిరితే సాలు, మీ మెట్లకో దండం ఎట్టేత్తాను," అనేది.

"మరి మా చెత్త ఎవరు తీస్తారే?"

"మీరే తీసుకోండి. సదూకున్నోరు కదా, సెత్తకి సదువు అడ్డమేటి?"

కోతుల్లో ఒక పెద్ద గండుకోతికి ఎడమ చెవి చిరిగి ఉండేది. ఆమె మేడ మీద ఊడుస్తుంటే అది ట్యాంకు మీద కూచుని, గడ్డం గోక్కుంటూ, ఒక్కొక్క మూలా తనిఖీ చేసేది. దానికి "మావ" అని ఆమే పేరు పెట్టింది. "మా మావ బతికున్నప్పుడు ఇలాగే. ఆడు కూకునేవోడు, నాను ఊడిసేదాన్ని," అనేది. కర్ర చూపించినా పోని కోతులు ఆమె చీపురు చూస్తే పక్కకి జరిగేవి. అలవాటు.

సంఘం సెక్రటరీ కింది అంతస్తులో ఉండే బ్యాంకు ఉద్యోగి. ముందు ఆయన టపాకాయలు కాల్పించాడు. కోతులు రెండు రోజులు బెదిరి, మూడోనాడు పేలని టపాకాయ కొరికి చూశాయి. తరవాత కొండముచ్చు బొమ్మ కనిపిస్తే కోతులు రావని ఎవరో చెబితే ఫ్లెక్సీ వేయించాడు. ఫ్లెక్సీ కొట్టే కుర్రాళ్ళ అలవాటు ప్రకారం కొండముచ్చు పక్కన సెక్రటరీగారు నమస్కారం పెడుతున్న ఫొటో, అడుగున 'హార్దిక శుభాకాంక్షలు' కూడా పడ్డాయి. మేడ మీద కట్టారు. కోతులు కొండముచ్చుని ముట్టుకోలేదు, సెక్రటరీగారి ముఖం మాత్రం చింపేశాయి. "భయం లేదనకండి, ఎవరికి భయపడాలో వాటికి తెలుసు," అన్నాను. ఆ మాటకి ఆయన నన్ను క్షమించలేదు.

కార్తీకంలో ఒక యాత్రికురాలు బిస్కెట్టు ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కి లాక్కుంది, ఫొటో సరిగ్గా రాలేదని. కోతి చెయ్యి కరిచింది. ఆసుపత్రి, సూదులు, కేకలు. మర్నాడే మీటింగు పెట్టారు. కోతులు పట్టే అతన్ని మైదానం నుంచి రప్పించి మధ్యలో కుర్చీ వేసి కూచోబెట్టారు.

"వీటిని ఎక్కడ వదులుతావు?" అని అడిగాను.

"అడివిలోనండి."

"మరి ఇదేమిటి? బీచి రోడ్డా?"

అతను కిటికీలోంచి చూశాడు. ఎటు చూసినా కొండలే. "ఇంకా లోపలండి," అన్నాడు.

"లోపల మనుషులు ఉండరా?"

"మేడంగారూ, ప్రతిదానికీ మీరు అడ్డం పడితే ఎలాగండీ?" అన్నాడు సెక్రటరీ. "లోపలెక్కడో వదిలేస్తాడు. మనకెందుకు?"

ఈ 'లోపల' అనే మాట గురించి నాకు చాలా ఏళ్ళుగా కడుపుమంట. విశాఖవాళ్ళకి నర్సీపట్నం లోపల. నర్సీపట్నం వాళ్ళకి చింతపల్లి లోపల. చింతపల్లిలో మేడ ఎక్కిన మాకు, జీపు దిగి నడవాల్సిన ఊళ్ళన్నీ లోపల. ఆ ఊళ్ళవాళ్ళకి లోపల అంటే ఇంట్లో అని అర్థం. అక్కరలేనిదాన్ని తోసెయ్యడానికి వాళ్ళకి ఇంకో లోపల లేదు. ఇదంతా మీటింగులో చెప్పాను. గోడ గడియారం చూసుకున్నారు.

బాల్కనీలకి ఇనప జాలీ కొట్టించండి, చెత్తడబ్బాలకి మూతలు పెట్టండి, యాత్రికులు మేపకుండా చూడండి అన్నాను. జాలీ అనగానే మూడో అంతస్తాయన లేచాడు. "జాలీ కొడితే మంచు కనబడదండీ. వాళ్ళు డబ్బిచ్చేది మంచుకే కదండీ!"

"అయితే ముందు మీ అంతస్తుకే బోను పెట్టండి. ఒక కోతిని కట్టేస్తే చాలు, సెల్ఫీకని వాళ్ళే దూరతారు."

ఎవరూ నవ్వలేదు. చేతులెత్తమన్నారు. బోను కావాలని అందరూ ఎత్తారు. ఎదురింటావిడ రెండు చేతులూ ఎత్తింది.

బోను మేడ మీదికి చేరింది గానీ పట్టేవాణ్ణి చూస్తే కోతులు దగ్గరికి రావు. అందుకని పల్లీలూ బెల్లంముక్కలూ ఆమె చేత పెట్టించారు. ఆమె సరదాగానే పెట్టింది. ఊడ్చిందే ఊడవాల్సిన బాధ తప్పుతుందనుకుంది. "ఎల్లు మావా, ఎల్లు. పెల్లోరింటికి ఎల్తన్నట్టు ఎల్లు," అంటూ గుప్పెళ్ళతో పోసింది. చెవి చిరిగినది అందరికంటే ముందు నడిచి వెళ్ళి కూచుంది. దాని వెనకే తక్కినవి. వ్యాను వెళ్ళిపోయాక మేడంతా నిశ్శబ్దం. నిజం చెప్పాలంటే ఆ నిశ్శబ్దం నాకూ హాయిగానే ఉంది. పెరుగు గిన్నె కిటికీలో పెట్టుకున్నాను.

తరవాత కొన్నాళ్ళకి ఆమె రావడం మానేసింది. మెట్ల మీద దుమ్ము పేరుకుంది. "ఈ జనాలకి పని విలువ తెలీదండీ," అని సెక్రటరీ నా గుమ్మం ముందే గట్టిగా అన్నాడు. ఒక మధ్యాహ్నం ఆమె వచ్చింది. చీపురు ముట్టుకోకుండా నా గడపలో కూచుంది.

"ఏమే, ఒంట్లో బాగాలేదా?"

"మావొచ్చినాడు మేడంగారూ."

ఆమె మామగారు పోయి ఏళ్ళయింది. నాకర్థం కాలేదు.

"మీ మేడ మీది మావ. సెవి సిరిగినోడు. మా కొండకాడ ఒగ్గేసినారు. బలగాన్నంతా ఏసుకొని సేనులోకి దిగిపోనాడు."

"అదేనని ఎలా చెప్పగలవు?"

"రాయి ఇసిరినా పారిపోనేదు. నన్ను సూసి ఎదురొచ్చినాడు. దగ్గిరికొచ్చి కూకున్నాడు. పల్లీలెట్టిన సెయ్యి కదా, గుర్తుపట్టినాడు."

అలా చెబుతూ ఆమె నవ్వింది. ఏడ్చినా బాగుండేది.

ఆ ఆదివారం ఆమెతో వెళ్ళాను. జీపు దిగి వాగు దాటి ఎక్కాం. ఆమె గట్టు మీద ఆగి చేను చూపించింది. తిన్నదాని కంటే పాడుచేసింది ఎక్కువ. ముదరని చిక్కుళ్ళు పీకి, కొరికి, చేదనిపించి పారేసినట్టున్నాయి. మొక్కజొన్న కర్రలు నడుములు విరిగి పడున్నాయి. పైన రాతి మీద కోతులు ఎండ కాచుకుంటున్నాయి. పక్క చేలూ అంతే.

ఊళ్ళో ఒక ముసలాయన నన్ను చూసి ఆగాడు. కోపంగా కాదు, తప్పిపోయిన గొడ్డుని వెతుక్కుంటూ వచ్చిన మనిషిని పలకరించినట్టు అడిగాడు. "ఏటమ్మా, ఈ కోతులు మీయేనా?"

"మా మేడ మీదివే."

"పక్కూరి మేకలొచ్చి సేను మేత్తే కట్టేసి కబురెడతాం. మేకలు గలవోలొచ్చి తగువు తీర్సుకొని తోలుకుపోతారు. ఈటిని ఎలాగ కట్టేది?" అన్నాడు. నా వెనక వ్యాను ఏమైనా వచ్చిందేమోనని కూడా చూశాడు.

తిరిగొచ్చి సెక్రటరీ ఇంటి తలుపు కొట్టాను. నష్టం సంఘమే ఇవ్వాలన్నాను.

"మన కోతులేనని రుజువేమిటండీ?"

"చెవి."

"చెవి చెల్లదండీ మేడంగారూ. కోతులన్నాక కొట్టుకుంటాయి, చెవులు చిరుగుతాయి. అయినా అవి మనవెలా అవుతాయి? మనం పెంచామా?"

"ఇక్కడ మేపింది మీరు. అక్కడ దింపింది మీరు. ఇంకెవరివి?"

"పోనీ, మానవత్వంతో ఏదైనా చేద్దాం," అన్నాడు. మానవత్వంతో ఒక దుప్పటి కొని ఆమెకిస్తూ ఫొటో తీసుకున్నారు. నేను కనబడినవాళ్ళందరితో పోట్లాడాను. ఆమెని వెంటబెట్టుకుని కొండమీద ఉన్న ఆఫీసులన్నీ తిరిగాను. ఏనుగులు తొక్కిన పంటైతే నష్టం ఇద్దుం, కోతులకి లేదన్నారు ఒకచోట. రెండోచోట, అసలు ఆ కొండవాలు చేనేనా అడవా అని ఆమెనే తిరిగి అడిగారు. దాంతో ఆమె నా కొంగు పట్టుకుని బయటికి లాగింది. "బేగి రండి మేడంగారూ. మీ నోటితోటి ఉన్న సేను కూడా పోయేటట్టుంది." అక్కడితో నా న్యాయపోరాటం ముగిసింది.

పుష్యం రాకముందే మా మేడ మీదికి కొత్త కోతులు వచ్చాయి. కింద ఏ పట్టణం పంపిందో తెలియదు. మాటిమాటికీ బోను తెప్పించే కంటే పగలంతా మేడ మీద ఒక మనిషిని పెడితే నయమని సంఘంలో అనుకున్నారు. ఎవరు దొరుకుతారా అని చూస్తుండగానే ఆమె చాపచుట్టతో దిగింది. పనిమాట తనే అడిగిందట. మోటారు గదిలో పడుకోమన్నారు.

నేను మెట్ల మీదే నిలదీశాను. "వీళ్ళ దగ్గరే చెయ్యాలా? నీకు ఇంకో పనే దొరకలేదా?"

"నాకొచ్చిన పని కోతుల్ని తోలడమే మేడంగారూ. అవి ఇక్కడే ఉన్నాయి కదా."

"మీ ఆయన?"

"రావద్దని సెప్పేసినాను. వొచ్చి ఏటి తింటాడు? అక్కడ పైఅంతస్తులకి ఎక్కించినారంట, కూలి మెరుగంట." ఆ 'అంట' దగ్గర కొంచెం ఆగింది.

ఇప్పుడు నేను క్లాసుకి నోట్సు రాసుకుంటుంటే నా తల మీద ఆమె కేక వినబడుతుంది. చేను కాసేవాళ్ళ కేక. ఒక కొండ నుంచి ఇంకో కొండకి అందాలని పెట్టే గొంతు అది, సిమెంటు కప్పు మీద చాలా ఎక్కువ. నిద్ర చెడుతోందని ఎదురింటావిడ ఫిర్యాదు చేసింది. కేకలు తగ్గించి వడిసెల వాడమని సంఘం చెప్పింది. గదుల వైపు రాళ్ళు వెయ్యకూడదని కూడా చెప్పింది.

నిన్న సాయంత్రం టీ పట్టుకుని పైకెళ్ళాను. మంచు దిగుతోంది. ఆమె వడిసెలలో రాయి పెట్టి ఎత్తింది. సరిగ్గా అప్పుడే కింది బాల్కనీలోంచి ఎవరిదో చెయ్యి, బిస్కెట్టు పట్టుకుని, బయటికొచ్చింది. కోతి ఆ చేతివైపు దిగింది. ఆమె రాయి తీసి పిట్టగోడ మీద పెట్టేసి టీ అందుకుంది.

ఏదో ఒకటి అడగాలని అడిగాను. "మీ ఊళ్ళో ఇప్పుడు ఎవరు తోలుతున్నారు?"

"తోలడానికేటుంది మేడంగారూ?"

ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టి అవతలి గోడ వైపు నడిచింది. అక్కడ పైపు పట్టుకుని ఇంకో రెండు ఎక్కుతున్నాయి.