జానెడు సందు

పోయిన వారం మా ఇంటికి ఒక అమ్మాయి వచ్చింది. ఆర్కిటెక్టు. హైదరాబాదులో చదివిందట, పాల్వంచ దాటాక భద్రాచలం రోడ్డు మీద ఎవరికో మట్టి ఇల్లు కట్టిస్తోందట. నేను ఇళ్ల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ని. ఈ అడవి అంచు ఊళ్లలో నేను కాలు పెట్టని గల్లీ లేదు. ఎవరో చెబితే నన్ను వెతుక్కుంటూ ఖమ్మం దాకా వచ్చింది. మా ఆవిడ టీ ఇచ్చింది. టీ తాగుతూ ఆ అమ్మాయి ఫోన్లో ఒక ఫొటో చూపించింది. ఎర్రటి మట్టి గోడ, పైన గూన పెంకులు, గోడకూ కప్పుకూ మధ్య చుట్టూరా ఒక సందు. "పాత ఇళ్లల్ల ఇట్లనే ఉండేదట గద సార్. పొగ పోతదని అందరు చెప్తున్నరు, కొలత మాత్రం ఎవ్వరు చెప్తలేరు" అంది. నేను బొటనవేలూ చిటికెనవేలూ బారచాపి చూపించి, జానెడు అన్నాను. "ఎవరి జాన సార్?" అని నవ్వింది. మా బావ జాన అని చెప్పబోయి ఊరుకున్నాను. అది మొదలుపెడితే ఆమె టీ చల్లారిపోవడమే కాదు, నేను పెద్దమనిషినన్న ఆమె భ్రమ కూడా పోయేది.

మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. అప్పటికే పెళ్లయిన మా అక్క నన్ను చంకనేసుకుని చండ్రుగొండ పక్కన అత్తగారి ఊరికి తెచ్చుకుంది. బావ కాదనలేదు సరికదా, నాకొక చిన్న నులక మంచం కూడా అల్లాడు. ఆయనకు కొంచెం మిరపచేను ఉండేది. ఎండాకాలం వస్తే మాత్రం చేను వదిలేసి ఊళ్లో వాళ్లకు మట్టి గోడలు పెట్టేవాడు. పుట్టమన్ను, చెరువు మన్ను కలిపి, వరిగడ్డి తరిగి వేసి, నీళ్లు పోసి రోజుల తరబడి తొక్కించేవాడు. గోడ ఒక మూరెడు లేపి ఆపేసేవాడు. అది ఆరేదాకా రెండో మూర ముట్టుకోడు. ఇల్లు కట్టించుకునేవాళ్లు పొద్దున్నే వచ్చి గుమ్మంలో కూర్చుని జల్దీ కానియ్యమని బతిమాలేవాళ్లు. "ఇంకా తడి ఆరలే. ఆరినంక నేనే కబురు పెడ్త, పోండ్రి" అనేవాడు బావ, చుట్ట కూడా పక్కన పెట్టకుండా. ఆయన గోడ మొదలుపెట్టేటప్పుడు పెళ్లిచూపులు జరిగితే, పూర్తయ్యేసరికి పిల్ల కాపురానికి వస్తుందని ఊళ్లో ఎగతాళి చేసేవాళ్లు. బావ కూడా వాళ్లతోపాటు నవ్వేవాడు గానీ చెయ్యి మాత్రం తొందరపడేది కాదు.

గోడ అయిపోయి వాసాలెక్కించి పెంకులు పరిచాక ఇంకో పని ఉండేది. ఇది ఊరి ఆచారమేం కాదు, బావ సొంత ఆచారం. గోడ పైకెక్కి చెయ్యి చాపి నాలుగు పక్కలా సందు కొలిచేవాడు. తర్వాత ఇంట్లో నడిమధ్య పచ్చి వేపాకు, వడ్ల పొట్టు కలిపి పొగబెట్టి, అందరినీ బయటికి పంపి, ఇంటి చుట్టూ తిరుగుతూ తలెత్తి చూసేవాడు. పొగ నాలుగు దిక్కులా సమానంగా బయటికి రావాలి. ఒక మూల రాకపోతే మళ్లీ నిచ్చెనెక్కి ఆ మూల గోడ చెక్కేవాడు. అంతా సరిగ్గా ఉందనిపించాక ఆ ఇంటి ఆడమనిషిని పిలిచి, ఇక పొయ్యి పెట్టుకోమని చెప్పేవాడు. ఇంటాయన్ని ఎప్పుడూ పిలిచేవాడు కాదు. ఎందుకని నేనడిగితే, "మొగోడు ఇంట్ల పండుకుంటడు. పొగ మింగేది ఆమెనే గద బామ్మర్దీ" అన్నాడు. నాకప్పుడు ఆ మాట పట్టలేదు. పొగలో దగ్గుకుంటూ ఇంటి చుట్టూ పరిగెత్తడమే నాకు సరదా. ఊరి మీద కోతులు పడడం మొదలైన కొత్తలో మా ఇంటి సందుకు బావ వెదురు తడిక అల్లి బిగించాడు. పొగ పోయేది, కోతి మాత్రం తడిక పట్టుకుని లోపలికి చూస్తూ పళ్లికిలించి పోయేది. అక్క దానికి రోజూ ఏదో ఒక తిట్టు అప్పజెప్పేది.

నాకు ఉద్యోగం వచ్చింది. స్కీము ఇళ్లకు ముగ్గు పోయించడం, పునాది నుంచి స్లాబు దాకా దగ్గరుండి చూసుకోవడం నా పని. ఊరికొక ఎస్టిమేటు లేదు, మనిషికొక ఎస్టిమేటు లేదు. జూలూరుపాడు చెలకల్లో ఏ ఇల్లో, గోదారి గట్టున కూడా అదే ఇల్లు. తూర్పు గాలి, పడమటి ఎండ అని ఎవరైనా నసిగితే నేను కాగితం చూపించేవాణ్ని. కాగితం ముందు ఎండ ఎంత, గాలి ఎంత! ఒక ఎండాకాలం మా పై ఆఫీసరు ఆ పక్కకు తనిఖీకి వస్తే భోజనానికి అక్క ఇంటికి తీసుకెళ్లాను. నాటుకోడి కూరతో కడుపునిండా తిని, ఫ్యాను కూడా లేని ఆ ఇంట్లో నులక మంచం మీద గంటసేపు గుర్రుపెట్టి నిద్రపోయాడు. లేచి, మొహం కడుక్కుని, మట్టి గోడ మీద వేలితో కొట్టి, "ఏమయ్యా, ఊరందరికీ స్లాబు ఇళ్లు కట్టిస్తవు, మీ అక్క మాత్రం ఇంకా మట్టి గోడల్లోనేనా?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన నిద్ర నాకు కనిపించలేదు, ఆయన మాటే వినిపించింది. నెల తిరక్కుండా అక్క పేరు మీద ఇల్లు శాంక్షను చేయించాను.

అక్కకు ఇష్టం లేదు. బావకు అంతకన్నా లేదు. అయినా నేను ఆఫీసరునన్న గౌరవం ఇద్దరికీ ఉండేది, ఆ గౌరవాన్ని అడ్డంగా వాడుకున్నాను. పాత గోడలు పడగొట్టడానికి గడ్డపారలు తెప్పిస్తే గడ్డపార దిగలేదు. బావ అరుగు మీద కూర్చుని కాసేపు చూసి, "గట్ల కాదు. మూడు దినాలు మీదికెల్లి నీళ్లు పట్టు, అదే కూసుంటది" అన్నాడు. తాను పెట్టిన గోడను ఎట్లా పడగొట్టాలో తానే చెప్పాడు. చెప్పినట్టే మూడో రోజు సాయంత్రానికి అది మెత్తబడి కుప్పగా కూర్చుంది. ఆ మట్టిని బండికెత్తి మిరపచేలో పోసుకున్నాడు, ఆ ఏడు కాపు బాగా వచ్చింది. ఇసుక లారీ తిరగడానికి అడ్డమని వాకిట్లో కానుగ చెట్టును కూడా నేనే కొట్టించాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యమేస్తుంది. అప్పుడు మాత్రం స్లాబు పడ్డ రోజు మీసం మెలేసి ఫొటో దిగాను.

కొత్త వంటగదికి పైన రెండు వెంటిలేటర్లు వదిలాం. గృహప్రవేశం నాడు బావ అలవాటుగా వేపాకు పట్టుకొచ్చి పొగబెట్టాడు. పొగ కాసేపు స్లాబు కింద తచ్చాడి, మెల్లగా ఆ రెండు కంతల దారి పట్టింది. "కష్టంగ పోతున్నది. పోతున్నదైతే" అన్నాడు. నాలుగు నెలలు కాకముందే ఆ కంతల్లోంచి కోతులు దూరి అన్నం గిన్నె ఎత్తుకుపోయాయి. వాటినీ ఏమనడానికి లేదు. తునికి చెట్లు, ఇప్పచెట్లు ఉన్నచోట వరసపెట్టి జామాయిల్ తోటలు లేచాయి, జామాయిల్ ఆకు కోతి తింటుందా? అక్క కబురు పెడితే సెలవు పెట్టుకుని వెళ్లాను. తడిక అల్లి బిగిస్తాను, వారం ఆగమన్నాడు బావ. సిమెంటు ఇంటికి వెదురు తడిక ఏమిటి, చూసినవాళ్లు నవ్విపోరూ? మేస్త్రీని పిలిపించి, ఇటుకలు పెట్టించి, సిమెంటు మెత్తించి, రెండు కంతలూ మూయించాను. పొద్దు వాలకముందే పని అయిపోయింది. "మరి పొగ ఎటు పోవాలె తమ్మీ?" అంది అక్క. గ్యాసు ఇప్పిస్తున్నాను కదా, ఇంక పొగ ఎక్కడిదన్నాను. బావ ఈసారి పొగబెట్టలేదు. వేపాకు కూడా తేలేదు.

గ్యాసు వచ్చింది. నేను ఎప్పుడు వెళ్లినా అక్క గ్యాసు మీదే టీ పెట్టేది, కూర వండేది. పొయ్యి కొన్న రోజు ఎట్లా మెరిసిందో ఎన్నేళ్లయినా అట్లాగే మెరిసేది. మా అక్క శుభ్రత చూడండి అని ఆఫీసులో చెప్పుకున్నాను కూడా. ఎందుకు మెరుస్తోందో ఒక్కసారైనా ఆలోచించని మొద్దును. బావ గుండె ఆగి పోయాడు. ఆ తర్వాత అక్కకు దగ్గు పట్టుకుంది, దగ్గు ఆయాసమైంది. నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకునేది. ఖమ్మం దవాఖానాలో డాక్టరు ఛాతీ ఫొటో తీయించి, ఎన్నేళ్లుగా బీడీలు తాగుతున్నావని అడిగాడు. జన్మలో బీడీ ముట్టని మా అక్క సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయితే పొగ ఎక్కడిదన్నాడు డాక్టరు. కట్టెల పొయ్యి ఎప్పుడో మానేసింది, నేనే గ్యాసు ఇప్పించానని గట్టిగా చెప్పాను. అక్క నా మొహం చూసి, చిన్నపిల్లలా తల దించుకుంది. "నువ్వొచ్చినప్పుడు గ్యాసే ముట్టిస్త తమ్మీ" అంది. "గ్యాసు బండ మా ఊరికి ఎన్నడస్తదో తెల్వదు. అయిపోతే నువ్వొచ్చిన పూట నీకు పొగల టీ పొయ్యాల్నా?"

ఏడ్వలేదు నేను. కోపమొచ్చింది, అక్క మీద. దవాఖానా మెట్ల మీదే కేకలేశాను. నేనే దగ్గరుండి కంతలు మూయించి, ఆమెను తిట్టాను. అంతా విని, మెట్టు మీద కూర్చుని ఊపిరి అందుకుని, "తడిక మీ బావ అల్లే పెట్టిండు, అటక మీద ఉన్నది. ఆ కంతలు తీపియ్యి, సాలు" అంది. చూద్దాంలే అక్కా అన్నాను. నేను బొత్తిగా తీయించకూడదని అనుకోలేదు. ఎలక్షన్ డ్యూటీ పడింది. తర్వాత బిల్లులు, ఆ తర్వాత వానలు. ఫోను చేసినప్పుడల్లా మందులు వాడుతున్నావా అని అడిగేవాణ్ని, ఆమె అవ్ అనేది. బయట వండుకోమన్నాను. నీడకు కానుగ చెట్టు లేదు కదా తమ్మీ అంది. చలికాలం మొదట్లో ఒక తెల్లవారుజామున పక్కింటివాళ్లు ఫోను చేశారు. నేను వెళ్లేసరికి అక్కను అరుగు మీద పడుకోబెట్టారు. లోపల పొయ్యిలో కట్టె ఇంకా సగం కాలి ఉంది.

పెద్దకర్మ అయ్యాక, చుట్టాలందరూ తిని వెళ్లాక, సుత్తీ ఉలీ తీసుకుని నేనే ఆ కంతలు తెరిచాను. సిమెంటు ఊడి రాలేదు. నా సర్వీసు మొత్తంలో అంత గట్టి పని ఇంకెక్కడా చేయించలేదు. చేతులు బొబ్బలెక్కాయి. అటక మీద బావ అల్లిన తడికలు రెండూ ఉన్నాయి, మసి పట్టి నల్లగా. కంతలకు పెడితే వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయాయి. నేను మూయించక ముందే కొలత తీసుకుని పెట్టుకున్నాడన్నమాట. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించేవాళ్లు లేరు. ఎవరో చేను కౌలుకు తీసుకుని, ఇంట్లో మిరపకాయలు పోసుకుంటున్నారు.

మొన్న ఆదివారం ఆ అమ్మాయి కారు పంపిస్తే మట్టి ఇల్లు చూడ్డానికి వెళ్లాను. హైదరాబాదు వాళ్లెవరో వారాంతాల్లో మంచి గాలి కోసం కట్టించుకుంటున్నారు. వంటగదిలో కరెంటు పొయ్యి. అక్కడ ఒక్కరోజు కూడా కట్టె కాలదు. గోడలు బాగా పెట్టించింది పిల్ల, కాదనను. ఆరేదాకా ఆగింది కూడా. చుట్టూ కానుగ మొక్కలు, వేప మొక్కలు నాటించింది. నిచ్చెనెక్కి చెయ్యి చాపి నాలుగు పక్కలా కొలిచాను. వేపాకు, వడ్ల పొట్టు తెప్పించి పొగబెట్టి అందరినీ బయటికి పంపాను. పొగ నాలుగు దిక్కులా సమానంగా వచ్చింది. పనివాళ్లు చప్పట్లు కొట్టారు, ఆ అమ్మాయి వీడియో తీసుకుంది. ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, మా అక్కా బావల ఇల్లు ఇట్లాగే ఉండేదని చెప్పాను. ఆమె మొహం వెలిగిపోయింది. "అయితే మీ అక్కగారిని ఒకసారి తీసుకరండి సార్. ముందుగాల ఆమెతోనే పొయ్యి ముట్టిద్దాం" అంది.

చూద్దాంలే అమ్మా అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో నాకే భయమేసింది. బావకు ఒక గోడ ఆరడానికి ఎండాకాలమంతా పట్టేది. నాకు రెండు కంతలు మూయించడానికి ఒక్క పూట పట్టింది, ఆ పూటే ఇన్నేళ్లయినా గడవడం లేదు.