మొదటి విజిల్‌కూ రెండో విజిల్‌కూ మధ్య

ముందు పోయినవి లెక్క చెబుతాను. ఎదురింటివాళ్ల బీరువాలోంచి ఒక గొలుసు. వాళ్ల ఇంట్లో పనిచేసే ఆమెకు నాలుగిళ్ల పని. కొత్తపేటలోని మా అపార్ట్‌మెంటు మెట్ల మీద "బాగున్నవా అన్నా" అనే పలకరింపు. నా నోట్లోంచి జారిన ఒక అంకె.

నాకు లెక్కలు ఎవరూ నేర్పలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల కొట్టు పద్దులు చూస్తూ నేనే నేర్చుకున్నాను. గడి ఖాళీగా కనబడితే ఏదో ఒకటి రాయందే నాకు తోచదు. ఆ అలవాటే ఆమె కొంప ముంచింది.

గొలుసు పోయిన రోజు ఎదురింటివాళ్లు గుడికి వెళ్లారు. మొక్కలకు నీళ్లు పోయడానికి ఆమె తాళం తీసి లోపలికి వెళ్లడం మా గుమ్మంలోంచి చూశాను. స్టేషన్‌లో ఎస్సై నన్ను ఏం చూశావని అడగలేదు.

"లోపల పది నిమిషాలన్న ఉన్నది గద సార్?"

ఖాళీ గడి. "ఉంటది," అన్నాను. బీరువా తాళం పగలగొట్టడానికి పది నిమిషాలు చాలని ఆయన తేల్చేశాడు.

ఆమె మీద కేసు పెట్టారు. వారం తిరగకముందే నాలుగిళ్లవాళ్లూ ఆమెను మాన్పించారు. మెట్ల మీద నన్ను ఆపి, "నువ్వు సూసిందే చెప్పన్నా. ఎక్కువొద్దు, తక్కువొద్దు," అంది. ఆ తర్వాత మాట్లాడలేదు.

ఎల్బీనగర్‌లో ఆమె లాయరు గదికి నేనే వెళ్లాను. అక్కడ సాక్షులకు గుర్తున్నది రాబట్టే ఒక సైకాలజిస్టు ఉన్నారు, గోదావరి వైపు ఆవిడ. "ఆ పొద్దున మీ ఇంట్లో ఏం జరుగుతోందో మొదట్నుంచీ చెప్పండి. తెలియనిది తెలీదనేయండి, ఫర్వాలేదు," అని కలం పక్కన పెట్టేశారు. నేను ఆగితే ఆవిడా ఆగారు. ఒక్క అంకె అందించలేదు. ఆ నిశ్శబ్దంలో మా వంటింటి పప్పు గుర్తొచ్చింది. మొదటి విజిల్ వచ్చినప్పుడు ఆమె తాళం తీస్తోంది. రెండో విజిల్‌కు మళ్లీ వేస్తోంది.

తర్వాత నాలుగు రోజులు ఇంట్లో అదే పప్పు, అవే కొలత నీళ్లు, ఎదురుగా గోడగడియారం. విజిల్‌కూ విజిల్‌కూ మధ్య ఒక్కసారీ రెండు నిమిషాలు దాటలేదు.

"పప్పు తిని తిని సస్తున్నం, ఇగ ఆపు నీ పరీక్ష," అంది నా భార్య.

స్టేషన్‌కు వెళ్లి చెబితే ఎస్సై నవ్వాడు. "ఏంది సార్, లెక్కల మనిషివి! కుక్కర్‌ను సాక్షిగ తోలుకొస్తవా?"

"తోలుకొస్త. పది నేను సూసింది కాదు సార్, మీరు అందిచ్చింది. తప్పు కూడిక దిద్దందే ఈడికెల్లి లేవ."

మూడు గంటలు బెంచీ దిగలేదు. చివరికి రెండో వాంగ్మూలం రాసుకున్నారు. మొదటిది కొట్టేయలేదు. ఏది నిజమో కోర్టు చూసుకుంటుందన్నారు. చూడనీ. బోనెక్కిస్తే అక్కడా రెండే అంటాను, ఎవరు నవ్వినా.

రెండిళ్లవాళ్లు ఆమెను మళ్లీ పిలిచారు. మెట్ల మీద ఇప్పటికీ నన్ను చూడకుండానే దిగిపోతుంది. పదిలోంచి రెండు తీసేస్తే ఎనిమిది. ఆ ఎనిమిది నిమిషాలూ ఆమెకు నేనింకా బాకీ.