మా చిన్నమ్మ కనిపెట్టిన మరక

మొదటి పీరియడ్ జరుగుతుండగా మా చిన్నాయన ఫోన్ చేశాడు. క్లాసులో ఉంటే నేను ఎత్తనని ఆయనకు తెలుసు. అయినా రెండోసారి మోగింది. "మీ చిన్నమ్మ పోయింది నాయనా. పొద్దున టీ తాగి గోడకానుకొని కూర్చున్యాది. అంతే," అన్నాడు. తర్వాత, "శవపెట్టెకు చెప్పినాము. సమాధి బండ సంగతి నువ్వు వచ్చినాంక మాట్లాడదాం," అన్నాడు.

నేను పనిచేసే మైదుకూరు నుంచి వాళ్ల ఊరు బేతంచెర్ల చేరేదాకా ఒక బండ గురించే ఆలోచించాను. ఆ బండ సంగతి చెప్పకుండా ఆమె గురించి ఏం చెప్పినా సగమే అవుతుంది.

ఆమె మా అమ్మకు చెల్లెలు. చదువు ఐదో తరగతి. పెళ్లయిన ఏడాది నుంచి మోకాళ్లు మొరాయించేదాకా నాపరాళ్లకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పనిచేసింది. మిషన్ కిందికి పోయే ముందు ప్రతి బండ మీదా నీళ్లు చల్లి, మరకలున్నవీ బీటలు వారినవీ పక్కకు తీయించడం ఆమె పని. మరకున్నదాన్ని డాగు బండ అంటారు. దాన్ని ఎవరూ హాల్లో పరుచుకోరు, పశువుల కొట్టానికి పోతుంది. మా చిన్నమ్మకు మాత్రం ఆ డాగులే ముద్దు. మేస్త్రీని అడిగి, చిన్న ముక్కలుంటే కొంగులో కట్టుకొని ఇంటికి తెచ్చుకునేది.

అట్లా మొదలైంది ఆమె రాళ్ల పిచ్చి. ఊళ్లో అందరూ పిచ్చనే అన్నారు, నేనూ అన్నాను. చుట్టాలింటికి కడప వైపు పోతే అందరూ చీరెలు తెచ్చుకుంటారు, ఈమె సంచిలో ముగ్గురాయి తెచ్చింది. రాతినార తెచ్చింది, అద్దంలాంటి పలుగురాళ్లు తెచ్చింది. చిన్నాయన ఆ సంచి మోసుకుంటూ, "మీ చిన్నమ్మ పుట్టింటి సారె," అని బస్సులో అందరికీ చెప్పేవాడట. చెప్పుల డబ్బాలన్నీ నిండిపోయాక వంటింటి అటక కూడా రాళ్లకే ఇచ్చేసింది. వానలు పడగానే మా కర్నూలు జిల్లాలో జనం వజ్రాల కోసం చేలల్లో వంగి వెతుకుతారు కదా, "నీకు ఒక్కటన్నా దొరికిందా?" అని పొరుగామె ఎగతాళి చేస్తే, "వజ్రం దొరికితే అమ్ముకోవాల్సి వస్తాది. ఇవైతే నా కాడనే ఉంటాయి," అంది.

ఎవరైనా చూడటానికి వస్తే రాయిని ఊరికే చేతికివ్వదు. ముందు చెంబు తెచ్చి తడుపుతుంది. "రాయి తడిస్తేనే నోరు తెరుస్తాది," అనేది.

నేను సైన్సు టీచరునయ్యాక ఆమె నన్ను పేరుతో పిలవడం మానేసింది. మా వైపు పంతుళ్లను పిలిచినట్టు "ఏమప్పా అయివారా" అనేది. అందులో సగం గర్వం, సగం వెక్కిరింత. రాళ్లకు పేర్ల చీటీలు రాసి అంటించే పని నాకిచ్చింది. ఒకరోజు ఫ్యాక్టరీ నుంచి ట్రాలీ మీద పెద్ద డాగు బండ వచ్చింది. తడిపి చూస్తే నల్లటి కొమ్మలు, రెమ్మలు, సన్నటి ఆకులు, అచ్చం చెట్టే. "పాలిష్ పట్టినారంటే పోతాదని మిషన్‌కు పోకముందే అడుక్కున్యా," అంది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "శిలాజం. లక్షల ఏళ్ల నాటి చెట్టు" అని స్కెచ్ పెన్నుతో గుండ్రంగా రాసి అంటించాను. అటక మీద ఉన్న మరో రాయిని, అడ్డంగా కోసిన ఉల్లిగడ్డలా పొరలు పొరలుగా ఉన్నదాన్ని, బరువు దండగ, పారెయ్యమన్నాను. ఆమె పారెయ్యలేదు.

బేతంచెర్లలో ఒక బడి సైన్సు ప్రదర్శనకు ఆ బండను మోయించుకుపోయాం. జనం ఎగబడ్డారు. నేను మైకులో చెట్టు కథ చెప్పాను. చిన్నమ్మకు శాలువా కప్పారు. మా చర్చి సంఘంలో పెద్దలు అది బైబిల్లోని నోవహు జలప్రళయం నాటి చెట్టేనన్నారు. ఇంటింటా అదే మాట.

మరుసటి ఏడు నేను పోయేసరికి ఆమె ముఖం అదోలా ఉంది. భోజనం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"అయివారా, ఒక మాట అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. ఇట్లాంటి బండలు ఈ ఏడాది శానా చూసినా. అన్నింట్లోనూ చెట్టు బీటు కాడ్నుంచే మొలుస్తాండాది. బీటు లేని తావున ఒక్కటన్నా లేదు. నిజం చెట్లయితే అట్ల వరసబెట్టి బీటు కాడనే మొలుస్తాయా?"

నాకు నిజంగానే కోపం వచ్చింది. పుస్తకాలు చదివింది నేను. "నీకు తెలీదులే చిన్నమ్మా," అన్నాను. ఆమె మాత్రం నేను తినే పళ్లెంలో ఇంకో ముద్ద పెట్టి, "తెలీకనే గద అడుగుతాండేది. తెలిసినోళ్లను నువ్వన్నా అడుగు," అంది.

కర్నూలులో జియాలజీ చెప్పే లెక్చరర్‌ను బతిమాలి తీసుకొచ్చాను. ఆయన బండను తడిపి, భూతద్దంతో చూసి నవ్వాడు. అది చెట్టు కాదు. బీటులోకి దూరిన నీళ్లలోని మాంగనీసు, పొరల మధ్య కొమ్మలు కొమ్మలుగా పాకి మిగిల్చిన మరక. "చెట్టు కాదని మీకెట్లా అనుమానం వచ్చింది?" అని నన్నడిగాడు. నేను చిన్నమ్మ వైపు చూపించాను. ఆయన లేచి నిలబడి ఆమెకు నమస్కారం పెట్టాడు. తర్వాత అటక మీది ఉల్లిగడ్డ రాయి చూసి, అసలైన శిలాజం అదేనన్నాడు. మొక్కలూ జంతువులూ పుట్టకముందు నీళ్లలో బతికిన నాచులాంటి ప్రాణులు కట్టిన పొరలట. నేను పారెయ్యమన్నది దాన్నే.

చీటీ మార్చేసి ఊరుకుందామన్నాను. ఇంతమందికి చెప్పి ఇప్పుడు కాదంటే నా పరువేం కావాలి? ఆమె ఒప్పుకోలేదు. "యాడ చెప్పినామో ఆడనే దిద్దుకోవాల," అంది. ఆ ఏడు ప్రదర్శనకు అదే బండను, అదే శాలువా కప్పుకొని తీసుకెళ్లింది. మైకు అందుకొని, "పోయినేడు దీన్ని చెట్టు అన్న్యాము. చెట్టు గాదు, మరక. తప్పు చెప్పినాము," అంది. వేదిక దిగి వచ్చి నా పక్కన కూర్చుంది. "చెప్పినాము" అందే గానీ, "మా అయివారు చెప్పినాడు" అనలేదు. నా జీవితంలో నేను అంత సిగ్గుపడిన రోజు లేదు, అంత గర్వపడిన రోజూ లేదు.

అయినా ఊరు ఆమె మాట వినలేదు. చెట్టయితేనే బాగుంటుంది మరి. చివరిదాకా ఆమె ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ చెంబుతో నీళ్లు పోసి, చెట్టు కాదని చెబుతూనే ఉంది.

సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక సంఘపెద్ద ఆమెను మెచ్చుకుంటూ, "రాతిలో జలప్రళయం నాటి చెట్టును చూపించిన తల్లి," అన్నాడు. ఆయన మనసు మంచిదే. చావు దగ్గర అడ్డు చెప్పొచ్చా? ఆ మాట అట్లాగే మట్టిలో కలిస్తే, ఆమె జీవితమంతా దిద్దింది వృథా. ముందుకు పోయి, "క్షమించండన్నా, అది చెట్టు కాదు," అన్నాను. ఎందుకు కాదో, ఎవరు కనిపెట్టారో చెప్పాను. చిన్నాయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

ఫ్యాక్టరీ వాళ్లు మెరిసే నల్లరాయి ఇస్తామన్నారు. చిన్నాయనా నేనూ వద్దన్నాం. ఆమె సమాధి మీద ఇప్పుడు ఆ డాగు బండే ఉంది, పాలిష్ లేకుండా.

మొన్న ఆదివారం ఆరాధన తర్వాత పోయేసరికి చిన్నాయన అక్కడే ఉన్నాడు, చేతిలో చెంబు. బండ మీద నీళ్లు పోశాడు. నల్లటి కొమ్మలు ఒక్కొక్కటే పైకి తేలాయి. పక్క సమాధికి వచ్చిన ఒకాయన ఆగి, "చెట్టు ఎంత బాగ పడిండాదో రాతిలో," అన్నాడు.

"చెట్టు గాదప్పా, మరక," అన్నాడు చిన్నాయన, చెంబులో మిగిలిన నీళ్లు బీటు వెంబడి పోస్తూ. "ఇద్దో, ఈడ్నుంచి పాకింది. మా ఆమె కనిపెట్టినాది."