చీటీలన్నీ ఒకే దస్తూరీ

కోవిడ్ ఆంక్షలు తీసేసి చర్చిలు మళ్లీ తెరిచిన ఏడాది నన్ను పోర్ట్‌బ్లెయిర్ నుంచి బాంబూఫ్లాట్ తెలుగు సంఘానికి బైబిలు స్త్రీగా బదిలీ చేశారు. పదవీ విరమణకు ముందు అదే నా ఆఖరి పోస్టింగు. కాపురం పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉంచుకున్నాను. రోజూ ఉదయం ఫెర్రీలో పాయ దాటి అవతల దిగగానే, జెట్టీ మీదే నా పని మొదలయ్యేది.

బైబిలు స్త్రీ అంటే ఏమిటని ఈకాలం వాళ్లు అడుగుతుంటారు. సంఘానికి పెద్ద పాస్టరు అయ్యగారు. ఆయన తర్వాత కార్యదర్శి, కమిటీ పెద్దలు. అందరి కిందా మేము. ఇళ్లకు వెళ్లి వాక్యం చదవడం, రోగులను, బాలింతలను చూడడం, ఆడవాళ్ల కూడికలు నడపడం మా బాధ్యత. ప్రసంగ వేదిక మాది కాదు. దాని పక్కనుండే చిన్న స్టాండు దగ్గర నిలబడి విజ్ఞాపన చీటీలు చదవడం మాత్రం మాదే. ఎవరికే కష్టమున్నా కాగితం మీద రాసి గుమ్మం పక్క పెట్టెలో వేస్తారు. ఆదివారం ప్రసంగం అయ్యాక ఒక్కొక్కటీ చదివితే సంఘమంతా ప్రార్థిస్తుంది. ఆ పెట్టె తాళంచెవి నా దగ్గరుండేది.

నేను బడికి వెళ్లలేదు. మా అమ్మ పొయ్యి పక్కన కూర్చోబెట్టి బైబిలులోనే అక్షరాలు గుర్తుపట్టించింది. ఆ దయకు ఇప్పటికీ దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను. అన్ని సంఘాల్లోలాగే బాంబూఫ్లాట్‌లోనూ ఆ అక్షరాలే అక్కరకొచ్చాయి. దీవుల్లో పుట్టిన పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు గాని రాయలేరు. "ఆంటీ, ఆప్ లిఖ్ దో నా" అంటూ నా దగ్గరికే వచ్చేవారు. వాళ్లు చెప్పింది విని, సంఘంలో చదవడానికి తగిన భాషలో రెండు వరుసలు రాసి పెట్టెలో వేసేదాన్ని.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల మొదటి శనివారం, జెట్టీ దగ్గర చేపలమ్మే నూకాలమ్మ నన్ను ఆపింది. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన హిందువులు వాళ్లు. ఆమె భర్త పైడయ్యకు గుండె ఆపరేషను చేయాలన్నారు. సోమవారం ఓడకు చెన్నై ప్రయాణం.

"అమ్మోరికి మొక్కినాను, బైబిలమ్మా. మీ దేవుడికీ సెప్పాల. ఒక్క నోట కాదు, అందరి నోటా పడాల" అంది. ఇంకా చాలాసేపు చెప్పింది. 'సహోదరుడు పైడయ్యకు జరగబోవు శస్త్రచికిత్స జయప్రదమగునట్లు' అని నేను చీటీ రాశాను. రేపు ఇద్దరూ చర్చికి రండి అన్నాను.

ఆ ఏడే ఎన్నికైన కార్యదర్శిగారు ఒక ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. ఆదివారం ఆరాధనకు ముందు, నేను పెట్టెలోంచి తీసిన చీటీలన్నీ బల్ల మీద పేకముక్కల్లా పరిచి కూర్చున్నారు.

"సంఘమంతటికీ ఒకటే చెయ్యా, అమ్మగారూ?"

పిల్లలకు తెలుగు రాయడం రాదని చెప్పాను.

"అయితే వాళ్లే అడిగారని రుజువేది? ఇకమీదట సొంత దస్తూరీ, సంతకం, రిజిస్టరులోని కుటుంబ సంఖ్య ఉండాలి. ఇవి లేని చీటీ చదవకూడదు. ఈ పైడయ్య నంబరెంత?"

"ఆయన మన సంఘం వాడు కాదండీ."

"మరింకేం!" అని నా దస్తూరీతో ఉన్న చీటీలన్నీ ఫైలులో పెట్టేశారు. నా చేతికి మూడు మిగిలాయి.

స్టాండు దగ్గర నిలబడేసరికి ఆఖరి బెంచీలో ఇస్త్రీ చొక్కాతో పైడయ్య, పక్కన నూకాలమ్మ కనిపించారు. ఇద్దరూ నా చేతిలోని కాగితాల వైపే చూస్తున్నారు. మూడూ చదివాను. పద్ధతి ప్రకారం అక్కడితో కూర్చోవాలి. కూర్చోలేదు.

"మిగతా మనవులు కాగితం మీద లేవు. మనుషులున్నారు. ఎవరిది వాళ్లు లేచి చెప్పండి" అన్నాను.

కార్యదర్శిగారు ముందుకొచ్చారు. "కూర్చోండమ్మా. ఇది ఆరాధన క్రమంలో లేదు."

"ప్రార్థన జరుగుతోందండీ. కళ్లు మూసుకోండి" అన్నాను. అది మైకులోనే పడింది. ఆడవాళ్ల వైపు ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు.

నూకాలమ్మ లేచింది. "నాకు మీలాగ సదవడం రాదు బాబూ. మావోడు ఆపరేసనుకెల్తన్నాడు. కోత సంగతి డాక్టర్లు సూసుకుంటారు. ఈడికి బయ్యం. వారం దినాలై బువ్వ సరిగ్గా తినట్నేదు. తుపానులో పడవ తిప్పినోడు, బల్ల మీద పడుకోబెడతారంటే వణికిపోతన్నాడు. ఆ బయ్యం తీసెయ్యమని అందరూ సెప్పండి."

పైడయ్య ఆమె కొంగు లాగాడు. "ఊరుకోయే, సిగ్గు!"

"సిగ్గేటి? బతుకు గావాల గాని!"

తర్వాత పోర్ట్‌బ్లెయిర్ గోల్ ఘర్‌లో ఒక దుకాణంలో పనిచేసే అమ్మాయి లేచింది. "మమ్మీకి షుగర్ బహుత్ హై ఉంది. గోలీలు వేసుకోమంటే వేసుకోదు, జిద్దీ." పక్కనే ఉన్న తల్లి తొడ మీద గిల్లింది. చర్చి అంతా నవ్వింది, ఆ వెంటనే ప్రార్థించింది. అలా ఒకరి తర్వాత ఒకరు లేచారు. అయ్యగారు ఎవరినీ ఆపలేదు. అందరూ చెప్పాక తానే పరలోక ప్రార్థన ఎత్తుకున్నారు.

ఆ వారమే కమిటీ నన్ను పిలిచి, సొంత దస్తూరీతో క్షమాపణ పత్రం రాసిమ్మంది.

"నా దస్తూరీని మీరు నమ్మరు కదండీ" అన్నాను. తాళంచెవి బల్ల మీద పెట్టి వచ్చేశాను. నా సర్వీసు పుస్తకంలో 'క్రమశిక్షణ లేదు' అని రాశారు. ఆ మాటతోనే రిటైరయ్యాను. కొట్టేయమని ఎవరినీ అడగలేదు. పెట్టె ఖాళీగా ఉండిపోయింది. బాంబూఫ్లాట్‌లో ఇప్పటికీ ఎవరి మనవి వాళ్లే లేచి చెబుతారు.

పైడయ్య తిరిగొచ్చి మళ్లీ పడవెక్కాడు. అది డాక్టర్ల నేర్పు, దేవుని కృప. నా వాదనకు దాన్ని సాక్ష్యంగా వాడుకోను.

కార్యదర్శిగారు చీటీలు లాక్కోవడం తప్పు. ఈ మాట ఆయన ముందే అన్నాను, ఇప్పుడూ అంటాను. కాని ఆయన అడిగిన ప్రశ్నలో ఒక ముక్క నిజముంది. నూకాలమ్మ శనివారం జెట్టీ దగ్గర చెప్పింది కూడా ఆ భయం సంగతే. శస్త్రచికిత్స అని రాసింది నేను. ఎన్నేళ్లుగానో జనం అడిగింది పక్కన పెట్టి, సంఘానికి వినసొంపుగా ఉండేది చదువుతూ వచ్చానన్నమాట. ఆయన అడ్డు తగలకపోతే అది నాకు తెలిసేది కాదు. అందుకు ఆయనకు కృతజ్ఞురాలినే.

నోరున్న మనిషి మనవికి మధ్యలో మరొకరి చెయ్యి అక్కర్లేదు. ఆయనదైనా, నాదైనా.