గడప లోపలి బెల్లం

మా ఇంట్లో పిల్లల్ని పొగడటం నిషేధం. చిన్నప్పుడు నన్ను చూసి ఎవరైనా "పిల్లోడు ఒళ్లు చేసినాడే" అంటే చాలు, మా అమ్మ ముఖం మాడిపోయేది. "ఏం ఒళ్లులే వదినా, వారం నుంచి ఒకటే దగ్గు" అని లేని దగ్గును నాకు అంటగట్టేది. బడిలో నాకు ఫస్టు మార్కు వచ్చిన రోజున కూడా పక్కింటి అత్తతో "వాడు ఉత్త మొద్దు, అయ్యవారు దయతలచి వేసినాడు" అని చెప్పింది. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందని ఆమె నమ్మకం. పలకల రాయి మీద బతికే మార్కాపురంలో ఆ సామెతను కాదనేవాళ్లు తక్కువ.

నాకూ ఆ నమ్మకమే అబ్బింది. మాది కిరాణా అంగడి. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. కాలేజీ వాళ్లు వారం వారం మార్కుల మెసేజ్ నా ఫోనుకే పంపుతారు. తొంభైకి ఎప్పుడూ తగ్గలేదు. గల్లాపెట్టె వెనక కూర్చుని ఆ మెసేజ్ రెండుసార్లు, మూడుసార్లు చదువుకునేవాణ్ని. కడుపు నిండిపోయేది. తర్వాత ఫోన్ జేబులో వేసుకుని ఏమీ ఎరగనట్టు పప్పు తూచేవాణ్ని.

ఎర్రగొండపాలెం వైపు నుంచి వారానికోసారి సరుకులకు వచ్చే ముసలి రైతు ఒకాయన ఉన్నాడు. వచ్చినప్పుడల్లా అడిగేవాడు.

"పాప ఎట్ల చదువుతా ఉంది, శెట్టిగారూ?"

"ఏం చదువులే పెద్దయ్యా. ఏదో కాలేజీకి పోయొస్తా ఉంది. పాసయితే అదే పదివేలు."

నా వెనకే మా అమ్మాయి శనగపప్పు కవర్లకు ఎత్తుతూ ఉండేది. తల ఎత్తేది కాదు. సిగ్గు అనుకున్నాను.

దసరా దాటాక పిల్ల తిండి తగ్గించింది. కంచంలో సగం వదిలేసి లేచేది. తలనొప్పి అనేది. అంగడికి రావడం మానేసింది. "పిల్ల చిక్కిపోతా ఉంది, చూసినావా?" అని నా భార్య అడిగింది. చూశాను. చూసి, ఇది ఖచ్చితంగా దిష్టే అని తేల్చాను. అంగడి గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కొత్తవి కట్టాను. అంతటితో ఆగితే బాగుండేది. వచ్చినవాళ్ల దగ్గర పిల్లను ఇంకాస్త తగ్గించి చెప్పడం మొదలుపెట్టాను. "మా పిల్లకు లెక్కలు అసలు ఎక్కవు" అని ఎవరితోనో అన్న వారమే ఆమెకు లెక్కల్లో తొంభై ఎనిమిది వచ్చాయి. మందు వికటిస్తుంటే మోతాదు పెంచినవాడి తెలివి నాది.

ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి సారు ఫోన్ చేశాడు. ఇంజనీరింగు ఎంట్రన్సుకు దరఖాస్తు గడువు రేపటితో ఆఖరట. క్లాసులో మా అమ్మాయి ఒక్కతే పెట్టలేదట. "ఇంట్లో వద్దన్నారా?" అని అడిగాడు.

సాయంత్రం ఆమె ఇంటికి రాగానే అడిగాను.

"ఎందుకు పెట్టలేదు తల్లీ?"

"నాకు సీటు రాదులే నాయనా."

"ఎవరన్నారు?"

"నువ్వే. అంగట్లో రోజూ అదే చెప్తావు కదా. రాసి, రాలేదని ఇంకోసారి చెప్పించుకునేది ఏంటికి?"

"అది దిష్టి తగలకూడదని అన్నాను. నీ మార్కులు నాకు తెలియవా?"

"అంగట్లో అంటే దిష్టి, సరే. మరి ఇంట్లో అయినా ఒక్క మంచి మాట అనవేంది నాయనా? ఇంట్లో ఎవరున్నారు?"

నా భార్య స్టవ్ ఆపేసి అక్కడే నిలబడిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది బెల్లం. నన్ను మొద్దు అన్న రోజు మా అమ్మ గడప దాటి లోపలికి రాగానే, నా నోట్లో బెల్లం ముక్క పెట్టి "నా బంగారుకొండ" అని చెవిలో చెప్పింది. ప్రతిసారీ అంతే. అందుకే ఆమె బయట ఎన్ని అన్నా నాకు నవ్వే వచ్చేది. నేను ఆమె దగ్గర సగమే నేర్చుకున్నాను. బస్తాలకు బస్తాలు బెల్లం అమ్ముతూ, ఇంట్లో పిల్ల నోటికి ఒక్క ముక్క అందించలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పటికప్పుడు "నువ్వు బాగా చదువుతావమ్మా" అన్నాను. "దరఖాస్తు పెట్టించాలని ఇప్పుడంటున్నావు" అని లోపలికి వెళ్లిపోయింది. తప్పు ఆమెది కాదు. రెండేళ్లు పదిమందిలో అన్న మాట వంటింట్లో ఒక్క మాటతో చెరగదు.

మర్నాడు సాయంత్రం బతిమాలి అంగడికి తీసుకొచ్చాను. ఆ ముసలి రైతు వచ్చే రోజది. వచ్చాడు, ఎప్పటిలాగే అడిగాడు. అంగట్లో ఇంకా అయిదారుగురు ఉన్నారు. నిజంగానే భయమేసింది.

"బాగా చదువుతాది పెద్దయ్యా. లెక్కల్లో తొంభై ఎనిమిది. మా వంశంలో ఇట్లాంటి బుర్ర ఎవరికీ లేదు."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "మరి ఇన్నాళ్లూ చదవదంటివే?"

"అబద్ధం చెప్పినాను."

కవర్లు కడుతున్న పిల్ల చేతులు ఆగిపోయాయి. అటు తిరిగి, ఎండుమిరప బస్తా దగ్గర నిలబడి కళ్లు తుడుచుకుంది. ఘాటు అనుకున్నారు చూసినవాళ్లు. నేను దగ్గరికి వెళ్లి, "ఇంటికి పోగానే మీ అమ్మతో ఉప్పు తిప్పించుకో" అని మెల్లగా చెప్పాను. నా భయం నన్ను అంత తేలిగ్గా వదలదు. ఆమె స్టూలు మీద కూర్చుని ఫోన్ తీసింది. చాలాసేపు ఏదో నింపుతూ ఉంది.

"నాయనా, నీ ఫోనుకు ఓటీపీ వచ్చింటాది. చెప్పు."

ఓటీపీ ఎవరికీ వినిపించకూడదని బ్యాంకు వాళ్లు నెత్తీనోరూ కొట్టుకుంటారు. నేను కళ్లద్దాలు పెట్టుకుని, ఆరంకెలూ అంగడంతా వినపడేలా గట్టిగా చదివాను.