చేయెత్తితే యంత్రం ఆగేది

ఆంటీ పోయారని శనివారం పొద్దున వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. "అమ్మ నిద్రలోనే పోయింది. మీ నంబర్ తన ఫోన్‌లో ఉంది, అందుకే కాల్ చేశాను," అంది తనకు వచ్చిన తెలుగులో. తర్వాత, "మీరు అమ్మతో వర్క్ చేశారా?" అని అడిగింది. చేశానన్నాను. నిజానికి మొదట్లో నా పని ఆవిడ మీద ఓ కన్నేసి ఉంచడం.

ఇళ్ల ధరలు కుప్పకూలకముందు మాట. కాలిఫోర్నియాలో శాన్ రామన్ ఊరు దాటి కొండల్లోకి వెళితే అప్పట్లో అన్నీ పశువులు మేసే భూములే. అలాంటి ఒక రాంచ్‌లో నలభై ఇళ్లు కడుతున్న కంపెనీలో నేను సైట్ ఇంజనీర్‌ని, హెచ్‌వన్ వీసా మీద. పక్కన వాగుంది కాబట్టి పూర్వం మనుషులు ఉండి ఉంటారని కౌంటీ ప్రభుత్వంవాళ్లు షరతు పెట్టారు. మట్టి తవ్వినంతసేపూ ఆర్కియాలజీ తెలిసిన మానిటర్ ఒకరు పక్కన నిలబడి చూడాలి. ఆ మనిషి చేయెత్తితే ఎక్స్‌కవేటర్ ఆగిపోవాలి.

మొదటిరోజు కారు దిగింది యాభై దాటిన తెలుగావిడ. హెల్మెట్ కింద బొట్టు. డాక్టరుగారి భార్య, పిల్లలు పెద్దయ్యాక కాలేజీలో చేరి ఈ చదువు చదివారట. మా సూపరింటెండెంట్ నన్ను పక్కకి పిలిచి, "మీవాళ్లే కదా, ఆవిడ ఏం రాసుకుంటోందో కనిపెట్టు," అన్నాడు. సరేనన్నాను.

ఆవిడా ఎవర్నీ నమ్మే రకం కాదు. ప్రతి కుప్ప దగ్గరా వంగి, మట్టి అరచేతిలో వేసుకుని, సీసాలో నీళ్లు చిలకరించి రంగు చూసేవారు. నల్లగా ఉంటే జల్లెడ పట్టేవారు. "రంగు మారిందంటే అక్కడ ఎవరో పొయ్యి వెలిగించారన్నమాట," అనేవారు. డ్రైవర్ చేయి జోరందుకుంటే అక్కడికే వెళ్లి నిలబడేవారు. "తొందరపడుతున్నాడంటే ఏదో చూసుంటాడు." ఏదైనా దొరకాలని ఎదురుచూస్తున్నారా అని ఓసారి ఎత్తిపొడిచాను. "దొరక్కూడదనే కోరుకుంటాను బాబూ. పడుకున్నవాళ్లని లేపడం నాకేం సరదా?" అన్నారు.

రెండోవారంలో వాగు ఒడ్డున బండరాతిలో నున్నటి గుంట కనబడింది. ఆంటీ అందులో పిడికిలి పెట్టి తిప్పి చూసి, "రోలు," అన్నారు. "పూర్వం ఇక్కడి ఆదివాసుల ఆడవాళ్లు ఓక్ కాయలు దంచుకునేవాళ్లు. రోలుందంటే ఇళ్లూ దగ్గర్లోనే." నేను లెక్కేసుకున్నాను. పని ఆగితే ఉద్యోగం, ఉద్యోగం పోతే వీసా.

ఆ శుక్రవారం సూపరింటెండెంట్ ఒడ్డు వెంబడి డ్రైనేజీ లైనుకి గుర్తుగా మేకులు పాతమన్నాడు. సోమవారం తవ్వుతాంలే అన్నాడు. పాతాను. సోమవారం వెళ్లేసరికి, ఆంటీ లేని వీకెండ్‌లోనే తవ్వడం, పూడ్చడం రెండూ అయిపోయాయి.

ఆంటీ ఆ మట్టిని బూటుతో నొక్కి చూశారు. "వీకెండ్ ఇక్కడ ఎవరైనా పనిచేశారా?"

"నాకు తెలీదాంటీ."

ఆవిడ నన్ను చూశారు. మర్నాడు లంచ్ టైములో పులిహోర డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు. ఇందులో ఏదో మతలబు ఉందనుకుంటూనే తిన్నాను. బుధవారమూ తెచ్చారు. మాటలన్నీ కరివేపాకు మొక్క చలికి ఎండిపోవడం గురించే. గురువారం నేనే ఉండబట్టలేక చెప్పేశాను, మేకులు పాతింది నేనేనని, సోమవారానికే తవ్వి పూడ్చేశారని.

"సోమవారమే అనుకున్నాను. నీ నోటితో వింటే రాసుకోవచ్చని ఆగాను," అంటూ నోట్‌బుక్ తీశారు. నా పేరు రాయడం చూసి చేయి అడ్డం పెట్టాను.

"నా పేరెందుకాంటీ? నా పరిస్థితి మీకు తెలుసుగా."

"తెలుసు. చెప్పినవాడి పేరు లేకపోతే అది పుకారు బాబూ. పుకారుకి ఎవరూ పని ఆపరు."

కౌంటీవాళ్లు ఆ గోతిని మళ్లీ తవ్వించారు. అడుగున నల్లమట్టి, గుల్లలు, వాటి కింద మనిషి ఎముకలు. శవాల్ని పరీక్షించే కరోనర్ వచ్చి ఇవి ఈనాటివి కావని తేల్చాక, ఆ నేల తాలూకు తెగ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఆయన అక్కడున్నంతసేపూ ఆంటీ హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని దూరంగా నిలబడ్డారు. ఆయన మాట ప్రకారం ఎముకల్ని కదపకుండా కప్పేశారు. మూడు ఇళ్లు ప్లానులోంచి తీసేశారు. "ఇది ఎక్కడుందో ఎవరికీ చెప్పకు. గునపాలతో వచ్చేవాళ్లుంటారు," అన్నారు ఆంటీ.

రెండు నెలలకి నా ఉద్యోగం పోయింది. పని తగ్గిందన్నారు. నన్ను పులిహోరతో పడగొట్టి, వాడుకుని వదిలేశారని ఆవిడ మీద కక్ష పెంచుకున్నాను. ఆవిడ చేసిన ఫోన్లు నేను ఎత్తలేదు. ఇంతలో ఒక చిన్న సర్వే ఆఫీసు నుంచి నేను అప్లై చేయకుండానే పిలుపొచ్చింది. వీసా ట్రాన్స్‌ఫర్ కూడా వాళ్లే చూసుకున్నారు.

అది ఆంటీ పనేనని నాకు మొదట్నుంచీ అనుమానం. ఏడాది తర్వాత వాళ్లింటికెళ్లి అడిగాను. "ఎందుకడుగుతున్నావ్, ఇంకెవరి మీదైనా కోపం తెచ్చుకోవాలా?" అన్నారు. మరోసారి అడిగితే మాట తప్పించి, కాఫీ కలపడానికి లేచారు. ఆ ఆఫీసులోనే ఇన్నేళ్లుగా బతుకుతున్నాను. ఎవరు చెప్పారో మా బాసు కూడా ఎప్పుడూ బయటపెట్టలేదు. ఇక అడగడానికి ఆవిడ లేరు.

అంత్యక్రియలు అయ్యాక నేరుగా ఇంటికి పోబుద్ధి కాక ఆ పాత సైటు వైపు వెళ్లాను. ఇళ్ల ముందు కత్తిరించిన పచ్చిక, బాస్కెట్‌బాల్ స్తంభాలు. వాగు పక్క రెండిళ్ల నడుమ మూడిళ్లు పట్టేంత ఖాళీ స్థలం. బోర్డు లేదు, కంచె లేదు. కారు దిగి నిలబడ్డాను. కుక్కని నడిపిస్తున్న ఒకావిడ ఆగి, మీరు ఎవరి కోసం వచ్చారని ఇంగ్లిష్‌లో అడిగింది. ఎవరికోసమూ కాదు, ఊరికే చూస్తున్నానన్నాను. ఆవిడకి నమ్మకం కుదరలేదు. నేను కారెక్కి మలుపు తిరిగేదాకా కుక్క పట్టీ బిగించి పట్టుకుని అక్కడే నిలబడింది. ఆవిడ వెనక ఎవరూ కొయ్యని గడ్డి మోకాలెత్తున పెరిగి, గాలికి ఒక పక్కకి వాలుతోంది.